బాగుండావా అంటే బాగుండా: అడిగినట్టూ కాదు, చెప్పినట్టూ కాదు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నేను రోజూ పొద్దున టీ తాగే బంకు ఒకటుంది. మా ఆఫీసులో నా పక్క సీటాయన, నాకన్నా ఏడెనిమిదేండ్లు చిన్న, అదే దారిన పోతాడు. నన్ను చూసి బైకు స్లో చేస్తాడు, ఆపడు. నేను "ఏమప్పా, బాగుండావా" అంటా, ఆయన "ఆ, బాగుండా లేన్నా" అంటాడు, పోతాడు. రెండేండ్లుగా ఇదే తంతు. పోయిన ఎండాకాలం మూడు వారాలు ఆ మనిషికి నిద్ర లేదంట, రాత్రి రెండింటికి లేచి మిద్దెక్కి అటూఇటూ తిరిగేవాడంట, ఆ మూడు వారాలు కూడా నేను అడుగుతానే ఉన్నా, ఆయన బాగుండా అని చెప్తానే ఉన్నాడు. సంగతి తెలిసినాక ముందు నాకు కోపం వచ్చింది, రోజూ అడుగుతుంటే ఒక్కరోజన్నా చెప్పొచ్చు కదా అని. రెండు రోజులు పోయినాక కోపం నా మీదికి తిరిగింది. ఇంజన్ ఆఫ్ చెయ్యని మనిషిని, చేతిలో టీ గ్లాసు దించని మనిషి అడిగే ప్రశ్నకి ఎవడన్నా నిజం చెప్తాడా?

అట్లని ఆ పలకరింపు ఉత్త దండగ అనను. మలినోవ్స్కీ అని ఒక మానవశాస్త్రవేత్త పసిఫిక్ దీవుల జనం మధ్య ఏండ్ల తరబడి ఉండి వాళ్ళ మాటామంతీ గమనించి 1923లో ఒక సంగతి రాసినాడు, మనుషులు మాట్లాడేదంతా సమాచారం ఇచ్చుకునేకే కాదు, కొన్ని మాటలు వట్టి తోడు కోసం అని. వాన పడేట్టుంది, ఏం కూర, యాడికి పోతాండావు, ఇవన్నీ ఆ జాతి మాటలే. బస్సులో పక్కనోనికి కొంచెం జరిగి చోటిస్తాం చూడండి, అట్లాంటిది. బాగుండావా అంటే "నిన్ను చూసినా, మన మధ్య ఏం తేడా లేదు" అని అర్థం, దానికి జవాబు కూడా అంతే. ఎట్లుండావు అని అడిగినోనికి షుగర్ రిపోర్టు మొదలు మోకాళ్ళ ఎక్స్‌రే దాకా చెప్పే పెద్దమనిషి ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు, ఆయన్ని చూసి జనం సందు మారుస్తారు, ఎందుకంటే ఆ ప్రశ్నకి జవాబు ఉండకూడదని అందరికీ తెలుసు, ఆయనకొక్కనికే తెలీదు. చిక్కు యాడ వస్తుందంటే, ఇట్ల అడిగినందుకే మనం ఒకరి బాగోగులు చూసినట్టు లెక్కేసుకుంటాం.

బాగోగులు అనే మాట చూడండి, బాగు ఒకటే లేదు దాంట్లో, ఓగు కూడా ఉంది, ఓగు అంటే చెడు. అంటే అడిగేవాడు రెండూ వినేకి రెడీగా ఉండాలని ఆ మాటలోనే ఉంది. యోగక్షేమాలు కూడా అట్లే, పెద్దలు చెప్పే అర్థం ప్రకారం యోగం అంటే లేనిది దొరకడం, క్షేమం అంటే ఉన్నది నిలబడడం. పాత ఉత్తరాల్లో మాత్రం ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి, మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాం అని రాసేవాళ్ళు, అసలు సంగతి ఆ తర్వాతే వచ్చేది, ఎద్దు పోయిందనో, పాపకి జొరమనో, డబ్బులు పంపమనో. క్షేమం గేటు లాంటిది, గేటు దాటినాకే ఇల్లు. ఇప్పుడు మన ఫోన్లు, వాట్సాపులు గేటు దగ్గరే ఆగిపోతున్నాయి.

నేను చూసినంతలో మన పక్క ఈ పనికి మూడు మాటలున్నాయి, మూడూ వేరే వేరే పనులు. ఒకటి పలకరింపు, పైన చెప్పింది. రెండోది ఆరా. ఆరా తీసేవాడు కూడా అడుగుతాడు, బాగా లోతుగానే అడుగుతాడు, ఏమైంది, ఎంత అప్పు, ఎవరిచ్చినారు, పెండ్లాం పుట్టింటికి ఎందుకు పోయింది, అన్నీ. కాకపోతే ఆ జవాబు ఇంకో చోటికి మోసేకి. మూడోదాన్ని మా అనంతపురం పక్క మాట్లాడించడం అంటాం. ఎవరికన్నా ఒళ్ళు బాగాలేకపోయినా, ఇంట్లో ఎవరన్నా పోయినా "మాట్లాడిచ్చేకి పోయొస్తాం" అంటారు మా ఆడోళ్ళు, చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టో బత్తాయిలో పట్టుకుని. మాట్లాడేకి పోవడం కాదు చూడండి, మాట్లాడించేకి. మాట్లాడాల్సింది వాళ్ళు, మన పని వాళ్ళ నోరు తెరిపించడం. ఇంత మంచి మాట పెట్టుకుని మనం దాన్ని జబ్బుకీ చావుకే దాచిపెట్టుకున్నాం, మామూలు రోజుల్లో ఒకనికి నిద్రపట్టకపోతే, ఒకామె ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే మాట్లాడించేకి పోవచ్చని తోచదు. ఇంకో విచిత్రం, మాట్లాడించేకి పోయి మనమే మాట్లాడొస్తాం, ఆ డాక్టరు మంచోడు కాదు, బెంగుళూరికి తీసుకపోండి అని.

మనిషి చెప్పకపోయేకి పెద్ద కారణం ఈ ఆరానే. చిన్న ఊర్లలో రహస్యం ఎంతసేపుంటుందో మనకి తెలుసు, పొద్దున రైతుబజారులో చెప్తే మధ్యాన్నానికి మామగారింటికి చేరుతుంది. దాంతో మనిషి లెక్కలు వేసుకుంటాడు, చెప్తే తేలిక పడేది ఎంత, బయటపడితే పోయే పరువెంత అని. రెండో లెక్క ఎప్పుడూ పెద్దదే. ఇంకోటి, మన పక్క కష్టం అనేది అందరికీ ఉంటుందనే లెక్క, చెనిక్కాయ పంట పోవడం, బోరు వేస్తే నీళ్ళు పడకపోవడం, ఇంకో బోరు వేయడం, దానికి ఇంకో అప్పు, ఇది ఊరందరి కథ అయినప్పుడు నాది ప్రత్యేకంగా ఏం చెప్పుకోను అనుకుంటాడు. మొగోళ్ళకైతే ఇది ఇంకా గట్టిగా ఉంటుంది, ఏడిస్తే ఆడంగి అంటారని చిన్నప్పుడే నేర్పించినాం కదా.

చెప్పినా గూడ మనం అనుకునే మాటల్లో చెప్పరు. డిప్రెషన్ అని ఎవరూ అనరు. ఒళ్ళంతా పీకులు, తలబరువు, నరాల బలహీనత, గుండె దడదడ, తిండి సయించడం లేదు, ఏ పనీ చేతనవడం లేదు, ఇట్లా వస్తుంది మాట. మా జేజి మనేద అనేది, "వానికి మనేద పట్టుకుండాదిరా" అని, లోపల్లోపల తినేసే దిగులుకి అంతకంటే సరైన మాట నాకింకా దొరకలేదు. డాక్టరు దగ్గరికి పోతే రక్తం పరీక్ష, ఈసీజీ, బీ కాంప్లెక్సు సూది, అన్నీ నార్మల్, ఇంటికి. బెంగుళూరు నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో 18 ఏండ్లు దాటినోళ్ళలో 10.6 శాతం మందికి ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది, వైద్యం అందనోళ్ళు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం. అంటే మీ వాట్సాప్ గ్రూపులో యాభై మంది ఉంటే అయిదుగురు, ఆ అయిదుగురిలో దాదాపు నలుగురు వైద్యం లేకుండా గుడ్ మార్నింగ్ పూలు పంపించి ఊరుకుంటున్నారు.

ఇంక అడిగేవాళ్ళ వైపు సంగతి. మనం ఎందుకు అడగం? ఇష్టం లేక కాదు, చాలాసార్లు భయం. ఇన్ని నెలల తర్వాత ఫోన్ చేస్తే ఏదన్నా పనిబడి చేసినాడు అనుకుంటారేమో, డబ్బులడిగేకి అనుకుంటారేమో, ఏం మాట్లాడాలో తోచకపోతే ఎట్ల. అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో పెగీ లియూ అనే ఆమె, ఇంకొందరు కలిసి 5,900 మందికి పైగా జనంతో వరసగా ప్రయోగాలు చేసి 2022లో ఫలితాలు వేసినారు. పాత స్నేహితునికి ఊరికే ఒక మెసేజ్ పెట్టడం, చిన్న వస్తువు పంపించడం, ఇట్లాంటివి చేసినప్పుడు అవతలి మనిషి ఎంత సంతోషపడతాడని పంపినోళ్ళు అనుకున్నారో, అంతకన్నా ఎక్కువే సంతోషపడినారంట అందుకున్నోళ్ళు. అనుకోకుండా వచ్చిందయితే సంతోషం ఇంకా ఎక్కువ. అంటే మనం దేనికైతే వెనకాడతామో, చాలా రోజులైంది ఇప్పుడు చేస్తే బాగుండదు అని, అదే అవతలోనికి ఎక్కువ ఇష్టమైన సంగతి. మనకి తెలీనిది కాదులే ఇది, మనకెవరన్నా అట్ల చేసినప్పుడు మనమెంత మురిసిపోతామో గుర్తు తెచ్చుకుంటే చాలు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాల. మా నాయన పోయినప్పుడు దినాలయ్యేదాకా ఇల్లు జనంతో నిండింది, వచ్చినోళ్ళకి టీలు పెట్టలేక మా చెల్లెలు అలిసిపోయింది. పెద్ద దినం అయినాక మరుసటిరోజు షామియానా విప్పినారు, కుర్చీలు బండిలో వేసుకపోయినారు, ఆ బండితోపాటే జనమూ పోయినారు. మూడో నెలలో ఒక మధ్యాన్నం వరసకి చిన్నాయన అయ్యే ఆయన ఒకాయన పల్లె నుంచి బస్సు దిగి వచ్చినాడు, సంచి నిండా అలసంద కాయలు. వచ్చి వంటింటి గడప దగ్గర కింద కూర్చుని కాయలు ఒలిచేకి మొదలుపెట్టినాడు, మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది, రెండు మూడు గుప్పెళ్ళు ఒలిచినాక తల ఎత్తకుండానే "రేత్రిళ్ళు నిద్ర పడతాందా వదినా" అన్నాడు. అంతే. దినాల్లో గూడ గట్టిగా ఏడవని మా అమ్మ ఆ పూట రెండు గంటలు మాట్లాడింది, నాయన ఆసుపత్రిలో చివరి రాత్రి ఏం అడిగినాడో మాకు ఎప్పుడూ చెప్పంది ఆయనకి చెప్పింది. చిన్నాయన పెద్దగా ఏం అనలేదు, ఊఁ కొడుతూ ఒలుస్తూ ఉన్నాడు. సాయంత్రం బస్సుకి పోయినాడు.

ఆ మూడో నెల అనేది ముఖ్యం, దీనికి డాక్టర్ల వైపు నుంచి కూడా ఒక సాక్ష్యం ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు, డిప్రెషన్ తోనో చచ్చిపోవాలనే ఆలోచనతోనో ఆసుపత్రిలో చేరి, ఇంటికి పోయినాక ఇంక వైద్యం వద్దన్న 843 మందిని తీసుకుని రెండు గుంపులు చేసినాడు. ఒక గుంపుకి ఏమీ లేదు. రెండో గుంపుకి అయిదేండ్ల పాటు అప్పుడప్పుడు ఒక చిన్న ఉత్తరం, మొత్తం 24. దాంట్లో మందుల గురించి లేదు, అపాయింట్‌మెంట్ లేదు, మీరు ఇక్కడికొచ్చి కొంత కాలమైంది, బాగుంటారని అనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అంత మాత్రమే. ఉత్తరాలు పోయిన గుంపులో, ముఖ్యంగా మొదటి రెండేండ్లలో, ఆత్మహత్యలు తక్కువైనాయి. తర్వాత ఇతరులు చేసిన ఇలాంటి ప్రయోగాల్లో అన్నిట్లో ఇంత గట్టిగా ఫలితం రాలేదు, ఆ మాట కూడా చెప్పాల. కానీ ఒకటి ఆలోచించండి, బదులు అడగని ఉత్తరం అది. మన మెసేజ్‌లు అట్ల ఉండవు, రెండు నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే మనకే పౌరుషం. "రిప్లై ఇయ్యకున్నా ఏం పర్లేదు, గుర్తొచ్చినావు, అంతే" అని పెట్టి చూడండి, అవతలోనికి అది ఎంత బరువు తగ్గిస్తుందో.

మళ్ళీ మా ఆఫీసాయన దగ్గరికి వస్తా. నేను మొదట చేసింది పూర్తిగా తప్పు పని. లంచ్ టైములో నలుగురి ముందర "ఏమప్పా, ఈ మధ్య ఒక మాదిరిగా ఉండావు, ఏమన్నా ప్రాబ్లమా" అన్నా. నాలుగు తలకాయలు ఒకేసారి ఆయన వైపు తిరిగినాయి. "ఏం లేదన్నా, ఎండలు" అన్నాడు. అనంతపురంలో ఏప్రిల్ నెలలో ఎండలు అనే జవాబుకి ఎదురు ప్రశ్న ఉండదు కదా. ఒక మాదిరిగా ఉండావు అనే మాటలో ఒక తీర్పు కూడా ఉంది, నిన్ను అందరూ చూస్తున్నారు, నువ్వు సరిగా లేవు అని. దాని బదులు కంటికి కనిపించింది ఏదన్నా చెప్పి అడిగితే బాగుంటుంది. నాకు కనపడింది ఏందంటే, శనివారం శనివారం మేము ఉగ్గాని బజ్జీ తినేకి పోతాం, మిరపకాయ బజ్జీ ఇంకోటి వేయించుకోకుండా లేచే మనిషి కాదు ఆయన, అట్లాంటోడు మూడు శనివారాలు రాలేదు.

ఇంకో వారం పోయినాక సాయంత్రం ఆఫీసు నుంచి బయటికి వస్తుంటే నా బండి ఎక్కమన్నా, ఊరికే అట్ల పోయొద్దాం అని బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీదికి తీసుకపోయినా. ఉడకబెట్టిన చెనిక్కాయలు రెండు పొట్లాలు కొన్నా. బండి ఆపి తాళం తీసి జేబులో వేసుకున్నా, ఎందుకు చెప్తున్నానంటే ఆ తాళం తీయడం ఆయన చూసినాడని ఆయనే తర్వాత నాతో అన్నాడు. ఇద్దరం చెరువు వైపు తిరిగి కూర్చున్నాం, ఎదురెదురుగా కాదు పక్కపక్కన, మొగోళ్ళతో ఇది పని చేస్తుంది, మొహం చూడకుండా మాట్లాడొచ్చు. "మూడు శనివారాలుగా ఉగ్గానికి రాలేదు నువ్వు, నాకు ఒక్కనికీ తిన్నట్టే లేదు" అన్నా. నవ్వినాడు. చాలా సేపు ఏం మాట్లాడలేదు, పొట్టు వొలిచి కింద వేస్తానే ఉన్నాడు, నాకు నోరు దురదగా ఉంది ఏదో ఒకటి అనాలని, బలవంతంగా ఊరుకున్నా. తర్వాత చెప్పినాడు. ఏం చెప్పినాడో ఇక్కడ రాయను, డబ్బు సంగతి అనేంతవరకు రాసుకో అన్నాడు, అంతవరకే రాస్తున్నా.

ఆస్ట్రేలియాలో గావిన్ లార్కిన్ అని ఒకాయన, తన తండ్రి 1995లో ఆత్మహత్య చేసుకుంటే, అట్లాంటిది ఇంకో ఇంట్లో జరగకూడదని 2009లో ఒక కార్యక్రమం మొదలుపెట్టినాడు, ఏటా సెప్టెంబర్ రెండో గురువారం అందరూ ఒకరినొకరు నువ్వు బాగున్నావా అని నిజంగా అడగాలని. వాళ్ళు చెప్పే పద్ధతి నాలుగు మెట్లు, అడుగు, విను, ఏదన్నా చేసేకి ప్రోత్సహించు, మళ్ళీ పోయి చూడు. వినేకి సులభంగా ఉంది గానీ రెండో మెట్టు దగ్గరే మనం జారిపడతాం. మనకి వినడం అంటే మన వంతు వచ్చేదాకా ఊరుకోవడం. "ధైర్యంగా ఉండు", "ఇదొక కష్టమా, మా బామ్మర్ది చూడు", "దేవుడున్నాడు లే", "పిల్లల మొహం చూసి మర్చిపో", ఇవి మంచి మనసుతోనే వస్తాయి, కానీ విన్నవాని చెవికి ఇంక చాలు ఆపు అన్నట్టే పడతాయి. నేను కూడా ఆ రోజు ఒకసారి జారినా, నా పాత అప్పు కథ మొదలుపెట్టినా, ఆయన మొహం మూసుకుపోవడం కనపడి మధ్యలో ఆపేసినా. దాని బదులు ఏం అనాలి అంటే పెద్దగా ఏమీ లేదు. "తర్వాత?" అనొచ్చు. "ఎప్పటినుంచి?" అనొచ్చు. "ఇంట్లో ఎవరికన్నా తెలుసా?" అనొచ్చు, ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న, ఆయన విషయంలో జవాబు లేదు అనే.

వినేకి పెద్ద చదువు అక్కర్లేదని జింబాబ్వేలో చూపించినారు. డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో హరారే నగరంలో 14 మంది అవ్వలతో మొదలుపెట్టినాడు, క్లినిక్ బయట చెట్టు కింద బెంచీ వేసి, బాధలో ఉన్నోళ్ళు వచ్చి ఆ అవ్వ పక్కన కూర్చుని చెప్పుకుంటారు, అవ్వకి కొంత ట్రైనింగు ఇచ్చి ఉంటారు, సమస్యల్లో ఒకటి ఎంచుకుని ముందు దాని గురించి ఏం చేయొచ్చో కలిసి ఆలోచిస్తారు. 2016లో వచ్చిన పరీక్ష ఫలితాల్లో, ఆరు నెలల తర్వాత, మామూలు వైద్యం పొందినోళ్ళకన్నా బెంచీ మీద కూర్చున్నోళ్ళు మెరుగ్గా ఉన్నారు. నాకు బాగా నచ్చింది ఏందంటే వాళ్ళు కూడా డిప్రెషన్ అనే మాట వాడరు, వాళ్ళ షోనా భాషలో కుఫుంగిసీసా అంటారు, అతిగా ఆలోచించడం అని అర్థం. మా జేజికి ఆ బెంచీ ఇచ్చి ఉంటే ఎంత బాగా చేసేదో. మనకి బెంచీలు కొత్తగా అక్కర్లేదు కూడా, రచ్చకట్టలున్నాయి, ఇంటి ముందర అరుగులున్నాయి, కొత్త ఇండ్లకి అరుగులు తీసేసి కారు పార్కింగు పెట్టుకుంటున్నాం, అది వేరే ఏడుపు.

దూరంగా ఉన్నోళ్ళ సంగతి ఇంకో తీరు. కడప పక్కన, రాయచోటి, రాజంపేట వైపు కువైట్ కి మనిషి పోని వీధి ఉండదు. మా పెద్దమ్మ కొడుకు అక్కడ డ్రైవరు, శుక్రవారం సెలవు, మనకి వాళ్ళకి రెండున్నర గంటల తేడా, ఆయన లేచేసరికి పెద్దమ్మ రెండో సారి టీ పెట్టుకుని ఉంటుంది. వీడియో కాల్ లో ఆమె ఎప్పుడూ ఎట్లుండావు అని అడగదు. "ఏం తింటివి నాయనా" అంటుంది. సంగటి చేసుకున్నా అన్నాడంటే మనసు బాగుంది, వండుకునే ఓపిక ఉంది. కుబ్బూస్ రొట్టె తిన్నా అంటే అలసట. "తిన్నాలేమ్మా" అని ఊరికే అంటే ఆమె మాట మార్చి ఇంకో పది నిమిషాలు ఫోను పెట్టదు. అది చూసినాక నాకు తిన్నావా అనే ప్రశ్న మీద గౌరవం పెరిగింది, బాగుండావా అంటే అబద్ధం చెప్పడం సులువు, ఏం తింటివి అంటే అబద్ధానికి కూర పేరు కూడా కావాల.

తిరగబడిన దూరం కూడా ఉంది. ఆదోని, కోసిగి పక్క పల్లెల్లో వానలు సరిగా లేని ఏడాది కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు మిరప కోతలకి, పత్తి తీసేకి, ఊర్లో ముసలోళ్ళు, కొన్నిసార్లు వాళ్ళ దగ్గర చిన్న పిల్లలు. అక్కడ ఎవరు ఎవరిని కనుక్కోవాలి? ఫోన్ ఉంటుంది, బ్యాలెన్స్ ఉండదు, బ్యాలెన్స్ ఉన్నా అవ్వకి నొక్కడం రాదు. అట్లాంటి చోట రోజూ పాలు పోసే ఆయమ్మ, రేషన్ ఇచ్చే ఆయన, ఆశా వర్కరు, వీళ్ళ కన్నే అసలైన కనుక్కోవడం, ఈ రోజు అవ్వ తలుపు తీయలేదే అని గమనించే కన్ను. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలు ఇంట్లో సీసీ కెమెరా పెట్టించి అమ్మానాయనల్ని చూసుకుంటున్నాం అంటారు, చూసుకోవడం వేరే చూడడం వేరే అని వాళ్ళకి చెప్తే నాకు టెక్నాలజీ తెలీదంటారు. పక్కింటోళ్ళ నంబరు ఒకటి ఫోన్లో వేసుకోండి ముందు. పెద్దవాళ్ళకి సాయం కావాలంటే 14567 నంబరు ఉంది, ఎల్డర్‌లైన్ అని, అది కూడా వేసి పెట్టుకోండి.

ఆఫీసులో ఇంకో చిక్కు ఉంటుంది, పై అధికారి అడిగితే అది ప్రశ్న కాదు ఎంక్వైరీ. టార్గెట్ లు ఇచ్చే నోరే ఎట్లుండావు అంటే ఎవడైనా సూపర్ సార్ అంటాడు. మేనేజరుగా ఉన్నోడు నిజంగా కనుక్కోవాలంటే ముందు తన వైపు నుంచి ఏదన్నా వదలాలి, రెండు రోజులు లీవు పెట్టుకో, ఆ ఫైలు నేను ఇంకొకరికి ఇస్తా అని. పక్క సీటోళ్ళకే ఈ పని బాగా కుదురుతుంది. ఒక్క కండిషను, విన్నది భార్యకి గూడ చెప్పకూడదు, నేను చెప్పలేదు, ఆమెకి ఇప్పటికీ కోపమే. బర్త్‌డేకి గ్రూపులో అరవై కేకు బొమ్మలు పెట్టడం గురించి ఏం చెప్పను, ఆ మనిషి కేకు తినే స్థితిలో ఉన్నాడో లేదో ఆ అరవైమందిలో ఒక్కరికీ తెలీదు.

కొన్నిసార్లు వినడంతో సరిపోదు. మనసు దిగులుగా ఉండడం, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం, ఈ రెండిట్లో ఏదైనా రెండు వారాల పాటు దాదాపు రోజూ ఉంటే డాక్టరుకి చూపించాల, ఇది డాక్టర్లు వాడే లెక్కే. నేను లేకుంటేనే మీరంతా బాగుంటారు అనే మాటలు, ఇష్టమైన వస్తువులు ఊరికే పంచిపెట్టడం, ఉన్నట్టుండి అందరికీ అప్పగింతలు పెట్టినట్టు మాట్లాడడం కనిపిస్తే ఇంక ఆలస్యం వద్దు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని అందరికీ భయం, కానీ ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనలు అట్ల కాదనే చెప్తున్నాయి, అడిగితే చాలామందికి ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. అవును అంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, ప్రాణాపాయం అనిపిస్తే 108కో 112కో చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక సాయం నంబరు 14416, ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, బాధపడే మనిషే చేయాలని లేదు, ఏం చేయాలో తెలీక మనమూ చేయొచ్చు. అనంతపురం, కర్నూలు పెద్దాసుపత్రుల్లో, కడప రిమ్స్ లో మానసిక వైద్యం ఓపీ ఉంటుంది, పిచ్చి డాక్టరు అనే మాట మన నోట్లోంచి తీసేస్తే పోయేవాళ్ళు ఇంకా పోతారు. పోలీసు కేసు అవుతుందని దాచేవాళ్ళు ఉన్నారు, 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్ష కాదు వైద్యం ఇవ్వాల. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యకి ప్రయత్నిస్తే శిక్ష వేసే పాత ఐపీసీ 309 సెక్షన్ లాంటిది లేనే లేదు, ప్రభుత్వ ఉద్యోగి పనిని అడ్డుకునేకి చేసే ఆత్మహత్యాయత్నం సంగతి వేరే.

అడిగినా చెప్పనోళ్ళు కూడా ఉంటారు. వాళ్ళని గుచ్చి గుచ్చి అడిగితే అది ఆరా అవుతుంది. "సరే, ఎప్పుడన్నా అనిపిస్తే నేనుంటా" అని చెప్పి వదిలేసి, వారం తర్వాత మళ్ళీ ఏదో ఒక వంక పెట్టుకుని కనపడడమే. ఇంకోటి, విన్నోళ్ళం కదా అని వాళ్ళ అప్పు మనం కట్టలేం, వాళ్ళ సంసారం మనం సర్దలేం, నేను ఆయనకి డబ్బులు ఇవ్వలేదు, నా దగ్గర లేవు, ఆ మాట కట్ట మీదే చెప్పేసినా. నేను చేసింది రెండే, తెలిసిన లాయరు దగ్గరికి తోడు పోయినా, ఇంట్లో భార్యతో చెప్పమని మూడుసార్లు చెప్పినా. మూడో సారికి చెప్పినాడు. నిద్రకి డాక్టరు దగ్గరికి కూడా ఆయమ్మే తీసుకపోయిందంట.

పోయిన వారం పొద్దున టవర్ క్లాక్ దగ్గర మళ్ళీ బైకు స్లో చేసినాడు. ఈసారి నేను నోరు తెరిచేలోపే "ఎట్లుండావన్నా" అన్నాడు. పొద్దున్నుంచి మా అమ్మ బీపీ మాత్రల కోసం మూడు షాపులు తిరిగి దొరక్క తల తిరిగిపోయి ఉన్నా, ఆఫీసుకి టైమైపోతోంది, నా నోట్లోంచి నాకు తెలీకుండానే "ఆ, ఏదో నడుస్తాందప్పా" అని వచ్చేసింది. ఆయన బండి పక్కకి తీసి, ఇంజన్ ఆపి, తాళం పీకి చొక్కా జేబులో వేసుకుని, బంకాయనతో ఇంకో టీ చెప్పినాడు.